మాకెడోనియన్‌లో ఒకే మాట విశేషణం, నామవాచకం, క్రియావిశేషణం ఎలా అవుతుంది? (కాస్త పెద్ద సమాధానం)

మీ ప్రశ్న ముందు ఒకసారి చెప్తాను, మధ్యలో చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి. మీరు లింగ్విస్టిక్స్ చదువుతూ మాకెడోనియన్ (ఉత్తర మాకెడోనియాలో మాట్లాడే స్లావిక్ భాష) నేర్చుకుంటున్నారు. కన్వర్షన్ అంటే ఏ ప్రత్యయం తగలకుండా మాట ఒక భాషాభాగం నుంచి ఇంకో దాంట్లోకి పోవడం అని పుస్తకంలో ఉంది. కానీ మాకెడోనియన్‌లో విశేషణానికి లింగం, వచనం, ఆర్టికల్ (ఇంగ్లీష్ the లాంటిది) అన్నీ చివరే తగులుతాయి కదా, మరి అక్కడ కన్వర్షన్ అన్న మాటకి అర్థం ఏముంది, "దోబ్రో" (మంచి, బాగా) ఒక మాటా మూడు మాటలా, "రాబోతా - రాబోతి" (పని - పనిచేస్తాడు) కూడా ఇదే కోవలోకి వస్తుందా, ఇవీ మీరు అడిగినవి.

నేను ముందు రష్యన్ చదివి తర్వాత మాకెడోనియన్‌లోకి వచ్చినవాడిని, చాలా ఏళ్ళుగా అనువాదం పనే చేస్తున్నా. నా జవాబు ఒక్క ముక్కలో ఏంటంటే, ఈ భాషలో మాటని విడిగా పట్టుకుని దాని ముఖం చూస్తే ఏం తేలదు, దాని ముందు ఏ మాట నిలబడింది, ఆర్టికల్ ఎవరి మీద కూర్చుంది, పక్కన ఏ రకం సంఖ్యావాచకం వచ్చింది అన్నవి చూడాలి. కన్వర్షన్ జరిగిందా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. మిగతాదంతా దీనికి వివరణే.

అనుమానం తీరాలంటే "బోలెన్" అనే మాట తీసుకుందాం. అర్థం జబ్బుపడిన. విశేషణం. "బోలెన్ చోవెక్" అంటే జబ్బు మనిషి. ఇప్పుడు ఆర్టికల్ సంగతి. మాకెడోనియన్‌లో ఆర్టికల్ మాట వెనక అంటుకుంటుంది, అదీ నామవాచకానికే అంటుకోవాలని లేదు, ఆ పదబంధంలో మొదటి మాట ఏదైతే దానికి అంటుకుంటుంది. కాబట్టి "బోల్నియోత్ చోవెక్" అంటే ఆ జబ్బు మనిషి, ఆర్టికల్ "-ఓత్" విశేషణం మీదకి ఎక్కింది. చోవెక్ తీసేసి ఉత్తి "బోల్నియోత్" అన్నా చాలు, ఆ రోగి అని అర్థం వచ్చేస్తుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఆర్టికల్ తగిలింది కాబట్టి నామవాచకం అయిపోయింది అంటారు. అలా అనకండి, ఎందుకంటే చోవెక్ ఉన్నప్పుడు కూడా ఆర్టికల్ దాని మీదే ఉంది కదా, అప్పుడేమో విశేషణమేగా.

అసలు పరీక్ష ఏంటంటే దాని ముందు ఇంకో విశేషణం పెట్టి చూడటం. "నోవియోత్ బోలెన్" అంటే ఆ కొత్త రోగి. చూడండి ఏం జరిగిందో, ఆర్టికల్ "నోవ్" మీదకి వెళ్ళిపోయింది, బోలెన్ ఖాళీగా వెనక నిలబడింది, సరిగ్గా చోవెక్ నిలబడే చోట. ఇక్కడ మాత్రం ఏ సందేహం లేదు, ఇది నామవాచకమే. ఇప్పుడు దీని పక్కన "తెష్కో బోలెన్" పెట్టండి. తెష్కో అనేది క్రియావిశేషణం, బాగా సీరియస్‌గా జబ్బుపడిన అని అర్థం, ఇక్కడ బోలెన్ ఇంకా విశేషణమే. అదే "తెజోక్ బోలెన్" అంటే తెజోక్ పుంలింగ విశేషణం, బోలెన్ నామవాచకం, సంభాళించడం కష్టమైన రోగి అన్న అర్థం. బోలెన్‌లో ఒక్క అక్షరం మారలేదు, ముందున్న మాట తెష్కోనా తెజోకా అన్నదాన్ని బట్టి దాని జాతే మారిపోయింది. మీ అసైన్‌మెంట్‌లో ఈ జంట ఒక్కటి పెట్టి నాలుగు లైన్లు రాస్తే చాలనిపిస్తుంది నాకైతే.

ఇంకో పరీక్ష సంఖ్యలతో. మాకెడోనియన్‌లో మగవాళ్ళని, ఆడామగా కలిసిన గుంపుని లెక్కపెట్టడానికి వేరే సంఖ్యలు ఉంటాయి, "ద్వా" కాకుండా "ద్వాయ్‌త్సా", మనకి రెండు వేరు ఇద్దరు వేరు కదా, అలాగే. "ద్వాయ్‌త్సా బోల్ని" అంటే ఇద్దరు రోగులు. ఆ సంఖ్య పక్కన నామవాచకం ఏమీ లేకుండా బోల్ని ఒక్కటే నిలబడగలుగుతోంది అంటే ఆ పదవి దానికి దక్కినట్టే.

ఆర్టికల్ అక్కడ మూడు రకాలు అని మీకు తెలిసే ఉంటుంది. మామూలుది "-ఓత్", మాట్లాడేవాడి దగ్గరున్న దానికి "-ఓవ్", దూరంగా ఉన్నదానికి "-ఓన్". ఈ మూడూ మన బోలెన్ మీదకి నేరుగా ఎక్కుతాయి. డాక్టర్ వార్డులో మంచం పక్కన నిలబడి నర్సుని "ష్తో ము ఎ నా బోల్నియోవ్?" అని అడిగితే ఇదిగో ఈ రోగికి ఏమైంది అని, అదే చెయ్యి చాపి అటు చివరి మంచం చూపిస్తూ "బోల్నియోన్" అంటే అదిగో ఆ రోగి. మనం ఈ పనికి వాడు-వీడు, ఆయన-ఈయన అని తగిలిస్తాం, ముసలి అనే విశేషణాన్ని ముసలివాడు ముసలాయన అని చేస్తాం. మాకెడోనియన్‌కి ఆ వాడు అక్కర్లేదు, ఆర్టికల్ ఒక్కటే అంత పనీ చేసి పెడుతుంది. అక్కడ విభక్తులు దాదాపు పోయాయి, సర్వనామాల్లోనూ కొన్ని పేర్లలోనూ ఛాయలు మిగిలాయి అంతే, సంబోధన రూపం ఒకటి బతికుంది. విభక్తులు పోయి ఆర్టికల్ బలపడ్డ భాషలో విశేషణం నామవాచకం కావడం ఇంత తేలికైపోవడం నాకు చాలా సహజంగా కనిపిస్తుంది, విశేషణానికీ నామవాచకానికీ వేరే వేరే విభక్తి ప్రత్యయాల గొడవ లేదు కాబట్టి ఒక చోటు నుంచి లేచి ఇంకో చోట కూర్చుంటే సరిపోతుంది.

ఈ బాపతు మాటలు రోజూ పేపర్లో కుప్పలుగా దొరుకుతాయి. "వ్రాబోతెనితె" ఉద్యోగులు, "ఒబ్వినెతియోత్" నిందితుడు, "రానెతితె" గాయపడ్డవాళ్ళు, "దెజుర్నియోత్" డ్యూటీలో ఉన్నవాడు, "వోజ్‌రాస్నితె" పెద్దవాళ్ళు, "లెవితె" వామపక్షాలవాళ్ళు. మొదటి మూడూ నిజానికి క్రియ నుంచి వచ్చినవి, అక్కడి గ్రామర్‌లో "గ్లాగోల్స్కా ప్రిదావ్కా" అంటారు, అంటే క్రియాజన్య విశేషణం. "నోవితె వ్రాబోతెని" అంటే కొత్త ఉద్యోగులు, నోవితె విశేషణం కాబట్టి వ్రాబోతెని నామవాచకం. ఇంట్లో పిల్లలు "మోయోత్ స్తార్" అంటే మా నాన్న అని, చనువుగా అనే మాట, అక్కడ స్తార్ అంటే ముసలి అనే విశేషణమే, "నా" అనే మాట ఆర్టికల్‌తో సహా ముందుకొచ్చింది కాబట్టి అది నామవాచకం.

ఇక దోబ్రో సంగతి. దోబ్రో నపుంసక లింగ విశేషణం, "దోబ్రో దెతె" మంచి పిల్లాడు (దెతె అంటే పిల్ల/పిల్లాడు, నపుంసకం). అదే రూపం క్రియావిశేషణం కూడా, "దోబ్రో పెయె" బాగా పాడుతుంది. అదే నామవాచకం, "దోబ్రోతో" మంచి అనేది. దీనికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ "స్లాత్కో", ఎందుకంటే ఇందులో మూడో మెట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. "స్లాత్కో గ్రోజ్యె" తియ్యని ద్రాక్ష. "స్లాత్కో స్పియె" హాయిగా నిద్రపోతోంది. ఇక ఉత్తి "స్లాత్కో" అంటే ఒక ప్రత్యేకమైన వంటకం, పళ్ళని ముక్కలుగానో పూర్తిగానో చిక్కటి పంచదార పాకంలో ఉడికించి సీసాల్లో పెట్టుకుంటారు, అంజీర్‌తో చేస్తారు, చెర్రీలతో చేస్తారు, పుచ్చకాయ తొక్కతో కూడా చేస్తారు. పాతకాలం ఇళ్ళల్లో అతిథి వస్తే చిన్న ప్లేట్లో ఒక చెంచాడు స్లాత్కో, పక్కన గ్లాసు మంచినీళ్ళు పెట్టడం మర్యాద. "దోమాష్నో స్లాత్కో ఓద్ స్మోక్వి" అంటే ఇంట్లో చేసిన అంజీర్ స్లాత్కో. ముందు దోమాష్నో అనే విశేషణం వచ్చి కూర్చుంది, వెనక "దేనితో చేసింది" అన్నది తగులుకుంది, ఇక విశేషణం ఛాయ కూడా లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బోల్నియోత్ దగ్గర చోవెక్ అనే మాట మళ్ళీ తెచ్చి పెట్టినా అర్థం చెడదు, పడిపోయిన మాట తిరిగి దొరుకుతుంది. స్లాత్కో దగ్గర మీరు ఏ నామవాచకం తెచ్చి అతికించినా ఆ వంటకం రాదు. రెండూ కన్వర్షనే, కానీ బోలెన్ ఇంకా రెండు ఇళ్ళ మధ్య తిరుగుతోంది, స్లాత్కో కొత్తింట్లో స్థిరపడిపోయింది. ఇంకా దూరం పోయినది "జివోత్నో". ఈ రోజు దానికి అర్థం జంతువు, అది కూడా ఒకప్పటి నపుంసక విశేషణమే, జివోత్ అంటే జీవితం. మరి ఆ విశేషణం చచ్చిపోయిందా అంటే లేదు, "జివోత్నా స్రెదినా" అంటే పర్యావరణం, "జివోత్నో ఒసిగురువాన్యె" అంటే జీవిత బీమా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇన్సూరెన్స్ కాగితం మీద ఆ మాట చూసి పశువుల బీమా అనుకునే ప్రమాదం ఉంది, పక్కన ఒసిగురువాన్యె అనే నామవాచకం ఉంది కాబట్టి ఇక్కడ విశేషణం అని వెంటనే పట్టుకోవాలి.

దోబ్రో ఒక మాటా మూడు మాటలా అన్నదానికి నా అభిప్రాయం: దోబ్రో విశేషణం, దోబ్రో క్రియావిశేషణం అన్నవి దాదాపు ప్రతి గుణవాచక విశేషణానికీ ఆటోమేటిక్‌గా జరిగేవి, బ్ర్జో, ఉబావో, లెస్నో, ఏది తీసుకున్నా అంతే, కాబట్టి దాన్ని పదనిర్మాణం అనడం కంటే వ్యాకరణంలో భాగం అనడమే సబబు అనిపిస్తుంది. నామవాచకం కావడం అలా కాదు, కొన్నింటికే జరుగుతుంది, జరిగినప్పుడు అర్థం కూడా కుదించుకుపోతుంది, అది నిజమైన పదనిర్మాణం. మన మంచి కూడా ఇంతే కదా, "మంచి మనిషి" అంటాం, "నీ మంచి కోసమే చెప్తున్నా" అంటాం, క్రియకి మాత్రం మంచిగా, బాగా అని గా తగిలించుకోవాలి, అది వాళ్ళకి అక్కర్లేదు.

లింగం గురించి రెండు మాటలు. పడిపోయిన నామవాచకం ఏ లింగమో అది విశేషణం మీద ముద్ర వేసి పోతుంది. గణితంలో "ప్రావా" సరళరేఖ, "క్రివా" వక్రరేఖ, "నెపోజ్నాతా" తెలియని రాశి, మొదటి రెంటిలో లినియా అనే స్త్రీలింగం పడిపోయింది కాబట్టి స్త్రీలింగం. "కిసెలా వోదా" అంటే అక్షరాలా పుల్లనీళ్ళు, అసలు అర్థం మినరల్ వాటర్, హోటల్లో "ఎద్నా కిసెలా" అంటే సరిపోతుంది, వోదా అనక్కర్లేదు. రాజధాని స్కోప్యెలో కిసెలా వోదా అని ఒక మున్సిపాలిటీయే ఉంది. దేశాల పేర్లు చూడండి, పోల్స్కా, దాన్స్కా, ష్వెద్స్కా, నోర్వెష్కా, అన్నీ స్త్రీలింగ విశేషణాలే, పోలండ్‌కి చెందిన, డెన్మార్క్‌కి చెందిన అని. దేశం పేరు అయ్యాక మాత్రం ఆర్టికల్ తీసుకోవు, "వో పోల్స్కా" (పోలండ్‌లో) అంటారు. పోల్స్కాతా అని ఆర్టికల్‌తో కనిపిస్తే వెనకాల ఇంకో నామవాచకం ఉందేమో వెతకండి, "పోల్స్కాతా వ్లాదా" పోలండ్ ప్రభుత్వం. ఇక నపుంసకం ప్రాంతాలకి పని చేస్తుంది, ఇది నాకు చాలా అందంగా అనిపించే విషయం, ప్రిలెప్ ఊరు, "ప్రిలెప్స్కో" అంటే ప్రిలెప్ చుట్టుపక్కల ప్రాంతమంతా, బితోలా ఊరు, "బితోల్స్కో" ఆ ప్రాంతం, అలాగే ఓహ్రిద్స్కో, కుమానోవ్స్కో. పొగాకు "వో ప్రిలెప్స్కో" బాగా పండుతుంది అంటే ఊళ్ళో కాదు ఆ చుట్టూ ఉన్న పల్లెల్లో అని. ఇంటిపేర్లు కూడా విశేషణాలే, ఆయన ట్రాయ్‌కోవ్‌స్కి అయితే ఆవిడ ట్రాయ్‌కోవ్‌స్కా, 2024లో ఉత్తర మాకెడోనియా అధ్యక్షురాలైన గోర్దానా సిల్యానోవ్‌స్కా-దావ్కోవా పేరులో ఆ స్కా అదే.

రష్యన్ నుంచి వచ్చినవాళ్ళకి ఒక హెచ్చరిక. రష్యన్‌లో ఐస్‌క్రీమ్, భోజనశాల లాంటివి స్థిరపడిపోయిన విశేషణాలు, మోరోజెనొయె, స్తలోవయా అని. అదే పద్ధతిలో మాకెడోనియన్ మాట తయారుచేసుకోకండి, అక్కడ ఐస్‌క్రీమ్ "స్లాదోలెద్", తీపి, మంచు కలిపిన సమాసం, భోజనాల గది "త్ర్పెజారియా". పద్ధతి ఒకటే అయినా ఏ మాట ఆ దారిలో పోయిందో భాష భాషకీ వేరు.

ఇప్పుడు మీ రాబోతా ప్రశ్న. రాబోతా అంటే పని, దాని బహువచనం రాబోతి. "రాబోతి" అంటే పనిచేస్తాడు అని క్రియ కూడా. రెండూ ఒకే రూపం, ఒకే ఉచ్చారణ, ఎందుకంటే మాకెడోనియన్‌లో ఊనిక (మాటలో ఒత్తి పలికే చోటు) స్థిరం, మూడు అంతకంటే ఎక్కువ అక్షరాలుంటే చివరి నుంచి మూడో దాని మీద, రెండే ఉంటే మొదటి దాని మీద పడుతుంది, కాబట్టి ఊనికతో కూడా విడదీయలేం. 1903లో మాకెడోనియన్ భాషావేత్త క్ర్స్తె మిసిర్కోవ్ సోఫియాలో అచ్చు వేయించిన పుస్తకం పేరు "జా మాకెదోన్‌త్స్కితె రాబోతి", మాకెడోనియన్ వ్యవహారాల గురించి అని, అందులో రాబోతి బహువచన నామవాచకం, ముందు ఆర్టికల్‌తో విశేషణం ఉంది చూడండి. కానీ ఇది కన్వర్షన్ కాదు. బహువచనం "ఇ", క్రియ "ఇ" రెండు వేరువేరు ఇ-లు, యాదృచ్ఛికంగా కలిసాయి. నమ్మకం కలగాలంటే "వోదా" నీళ్ళు తీసుకోండి, బహువచనం వోది, "వోది" అంటే నడిపిస్తాడు, వీటి మధ్య చుట్టరికమే లేదు, అయినా రూపం ఒకటే. కలిసిన రూపం చూసి కన్వర్షన్ అనడం తప్పు అని చెప్పడానికి వోది చాలు.

కానీ పక్కనే అసలైన చిక్కు ఉంది, దాని గురించి మీరు అడగలేదు గానీ తప్పకుండా రాయండి. "ఇగ్రా" అంటే ఆట, "ఇగ్రా" అంటే ఆడతాడు. "వెచెరా" అంటే రాత్రి భోజనం, "వెచెరా" అంటే రాత్రి భోజనం చేస్తాడు. "స్లికా" బొమ్మ లేదా ఫోటో, "స్లికా" ఫోటో తీస్తాడు. "ప్రోబా" ప్రయత్నం, రిహార్సల్, "ప్రోబా" ప్రయత్నిస్తాడు. ఇక్కడ ఏకవచనమే కలిసిపోయింది. పైగా మాకెడోనియన్‌లో తుమున్నర్థక రూపం (ఇంగ్లీష్ to play లాంటిది) లేదు, నిఘంటువులో క్రియని ప్రథమ పురుష ఏకవచన వర్తమానంలో పెడతారు, మనం "ఆడు" అని పెట్టినచోట వాళ్ళు "ఆడతాడు" అని పెట్టినట్టు. దాంతో నిఘంటువులో ఇగ్రా, ఇగ్రా అని పక్కపక్కనే రెండు ఎంట్రీలు. రష్యన్‌లో క్రియని ఇగ్రాత్ అని పెడతారు కాబట్టి అక్కడ ఈ పోలిక కళ్ళకి కనబడదు. దీన్ని కన్వర్షన్ అనాలా వద్దా అన్నదాని మీద పండితులు ఒక మాట మీద లేరు. నేనైతే ఇలా విడదీస్తాను: నామవాచకం చివరి "ఆ" స్త్రీలింగపు గుర్తు, దాని మీద ఆర్టికల్ ఎక్కితే ఇగ్రాతా, బహువచనం ఇగ్రి. క్రియ చివరి "ఆ" ఆ క్రియ ఏ గుంపుకి చెందిందో చెప్పే అచ్చు (ఆ-గుంపు, ఇ-గుంపు, ఎ-గుంపు అని మూడున్నాయి), దాని మీద ఇగ్రామ్, ఇగ్రాష్ అని పురుష ప్రత్యయాలు తిరుగుతాయి. కాబట్టి మారింది మొత్తం మాట కాదు, "ఇగ్ర్-" అనే ప్రాతిపదిక ఒక రూపావళి (మాట తీసుకునే రూపాల వరస) నుంచి ఇంకో రూపావళిలోకి దూకింది. బోలెన్ లాంటిది ఇది కాదు, బోలెన్ తన రూపావళితో సహా కదిలింది. తెలుగులో నవ్వు, దగ్గు, తుమ్ము ఉన్నాయి కదా, "నవ్వు వచ్చింది" అంటే నామవాచకం, "నవ్వు" అని చెప్తే క్రియ, తర్వాత నవ్వాడు, నవ్వులు అని రెండు దారుల్లో రూపాలు పోతాయి, ఇగ్రా కూడా సరిగ్గా ఆ కోవే.

కొత్త క్రియలు కూడా ఈ దారినే పుడుతున్నాయి, గూగుల్ నుంచి "గుగ్లా" అని నేరుగా ఆ-గుంపులోకి, లైక్ నుంచి "లాయ్‌కువా", షేర్ నుంచి "షెరువా" అని -ఉవా తగిలించుకుని. లాయ్‌కువా కన్వర్షన్ కాదు, అక్కడ ప్రత్యయం స్పష్టంగా ఉంది. అలాగే "చితాన్యె" చదవడం, "యాదెన్యె" తినడం లాంటివి కూడా కాదు, -న్యె అనే ప్రత్యయం ఉంది. కాకపోతే యాదెన్యె తినడం అన్న అర్థం దాటి భోజనం, వంటకం అన్న అర్థానికి వచ్చి బహువచనం "యాదెన్యా" కూడా తీసుకుంటుంది, అది అర్థంలో జరిగిన మార్పు.

క్రియాజన్య విశేషణం గురించి ఇంకొక్కటి. "ఒత్వోరెన్" తెరిచిన. "వ్రాతాతా ఎ ఒత్వోరెనా" తలుపు తెరిచి ఉంది, ఇక్కడ విశేషణం, తలుపుతో లింగం కలిసింది. "యా ఇమామ్ ఒత్వోరెనో వ్రాతాతా" నేను తలుపు తెరిచేశాను, ఇక్కడ తలుపు స్త్రీలింగమే అయినా ఒత్వోరెనో నపుంసకంలో గడ్డకట్టి "ఇమామ్" (నా దగ్గర ఉంది) అనే మాటతో కలిసి క్రియారూపం అయిపోయింది. ఇది పశ్చిమ, నైరుతి మాండలికాల సొత్తు, సాహిత్య భాషలోకి కూడా వచ్చింది. 1945లో మే నెలలో లిపి, జూన్‌లో వర్ణక్రమం ఖాయం చేసినప్పుడు పశ్చిమ-మధ్య మాండలికాలే పునాదిగా తీసుకున్నారు, ఆ పనిలో ముఖ్యుడైన బ్లాజె కోనెస్కి కూడా ప్రిలెప్ దగ్గరి పల్లెవాడే. లింగం కలవడం ఆగిపోయిందంటే విశేషణం ఇక విశేషణం కాదు, ఇది మంచి ఆధారం.

కాలాన్ని చెప్పే మాటల్లో ఆర్టికల్ తిరగబడి పని చేస్తుంది, నామవాచకాన్ని క్రియావిశేషణం చేస్తుంది. గోదినా సంవత్సరం, దగ్గరి ఆర్టికల్ -వా తగిలితే "గోదినావా" ఈ ఏడాది, వెచెర్ సాయంత్రం, "వెచెర్వా" ఈ సాయంత్రం, లెతో వేసవి, "లెతోవో" ఈ వేసవిలో. ముందు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. "లెతె" వేసవిలో, "జిమె" చలికాలంలో, "నోక్యె" రాత్రిపూట అన్నవి మాత్రం పాత విభక్తి రూపాల ఎముకలు, విభక్తి చచ్చి మాట బతికింది.

"క్రాయ్" అంటే చివర, ప్రాంతం. "క్రాయ్ వార్దార్" అంటే వార్దార్ నది పక్కన, అదే మాట ప్రిపొజిషన్ అయింది. మన తెలుగు "దగ్గర", "మీద" కూడా ఇలా వచ్చినవే కదా. "పాత్" దారి, "పాత్" సారి. బహువచనంలో విడిపోయాయి, దారులైతే పాతిష్తా, సార్లైతే పాతి, "ద్వా పాతి" రెండు సార్లు. ఇలా బహువచనం కూడా వేరైందంటే ఇక రెండు మాటలని లెక్కపెట్టేయొచ్చు. "జ్ద్రావో" ఆరోగ్యంగా ఉన్న అనే నపుంసక విశేషణం, ఇప్పుడు అందరూ పలకరింపుగా వాడేది అదే. "మోలామ్" వేడుకుంటున్నాను అనే క్రియ, ఇప్పుడు ప్లీజ్. "జ్నాచి" అంటే దాని అర్థం ఏంటంటే అనే క్రియ, ఇప్పుడు ప్రతి వాక్యం మొదట్లో మనం "అంటే, అంటే" అని సాగదీసినట్టు వాడతారు. "సాకాల్-నెయ్‌క్యెల్" కావాలన్నాడు-వద్దన్నాడు అనే రెండు క్రియలు, కలిసి ఇష్టమున్నా లేకున్నా అనే క్రియావిశేషణం. "రెక్లా-కాజాలా" అన్నది-చెప్పింది, అంటే పుకార్లు.

టర్కిష్ నుంచి వచ్చిన కొన్ని విశేషణాలు ఈ విషయంలో వేరే జాతి, లింగం వచనం ఏమీ తీసుకోవు కాబట్టి ఎక్కడైనా ఇమిడిపోతాయి. "తాజె లెబ్" అంటే తాజా రొట్టె, తాజె మన తాజాకి సొంత బంధువు, పారశీకం నుంచి వాళ్ళకి టర్కిష్ మీదుగా, మనకి ఉర్దూ మీదుగా వచ్చింది. లెబ్ పుంలింగమైనా తర్వాత స్త్రీలింగం వచ్చినా తాజె మారదు. ఈ రోజుల్లో "సూపెర్" కూడా అదే పని చేస్తోంది, "సూపెర్ ఫిల్మ్", "సూపెర్ పెయె", ఉత్తి "సూపెర్!", మూడింటిలోనూ ఒకటే రూపం. రూపం ఏమాత్రం మారని కన్వర్షన్ చూపించమని ఎగ్జామినర్ పట్టుబడితే ఇవే చూపించండి.

నాకు బాగా నచ్చే ఇంకో సంగతి, తులనాత్మక గుర్తులు "పో-", "నాయ్-". ఇవి విశేషణాలకి తగలాలి, "పోదోబార్" ఇంకా మంచివాడు, "నాయ్‌దోబార్" అందరికంటే మంచివాడు. కానీ మాట్లాడే భాషలో నామవాచకాలకీ క్రియలకీ కూడా తగిలించేస్తారు. "పోమాయ్‌స్తోర్" అంటే ఇంకా పెద్ద మేస్త్రీ, పనిలో వాడిని మించినవాడు, "నాయ్‌సాకామ్" అన్నిటికంటే ఎక్కువ ఇష్టపడతాను. మాయ్‌స్తోర్ పూర్తిగా విశేషణం అయిపోలేదు, బహువచనం, ఆర్టికల్ నామవాచకానివే, కానీ ఆ ఒక్క క్షణం గుణాన్ని చెప్పే పని చేస్తోంది. ఇలాంటి సగం దారిలో ఆగిన వాటిని అటో ఇటో నెట్టాలని చూడకండి, సగం దారి అనే రాయండి.

మీరు ప్రాక్టీస్ చెయ్యాలంటే ఏదైనా స్కోప్యె పేపర్ తెరిచి నేరవార్తల పేజీ చూడండి, నిందితుడు, గాయపడ్డవాళ్ళు, ఉద్యోగులు లాంటి మాటలు అక్కడే ఎక్కువ దొరుకుతాయి, ఒక్కోదాని ముందు ఏముందో రాసుకోండి, విశేషణమా, క్రియావిశేషణమా, ద్వాయ్‌త్సా లాంటి సంఖ్యా. పెద్దక్షరం కూడా గమనించండి, "వో ఆయెరోద్రోమ్" అంటే స్కోప్యెలో ఆ పేరున్న మున్సిపాలిటీలో, "నా ఆయెరోద్రోమ్" అంటే ఎయిర్‌పోర్ట్‌లో, పాత విమానాశ్రయం పేరే ఆ ప్రాంతానికి సొంత పేరైంది, అక్కడ కూడా ముందున్న చిన్న మాటే విడదీస్తోంది. ఎక్కడైనా తేలకపోతే ఇక్కడే అడగండి, కానీ విడి మాట కాకుండా వాక్యం మొత్తం పెట్టండి, విడి మాట చూసి నేను కూడా చెప్పలేను.